అక్కడింకా పది కాలేదు

పదికి పది నిమిషాలుందనగా కెండ్రాకి ఆ సంగతి తట్టింది. తట్టకపోతే ఎవరికీ నష్టం లేదు, నిజం చెప్పాలంటే తట్టకపోతేనే అందరికీ మేలు, కానీ బుర్ర మన మాట వింటుందా, కోర్టు వరండాలో చెక్క బల్ల మీద కూర్చుని ఎదురుగోడ మీది గుండ్రటి గడియారాన్ని చూస్తూ ఉంటే తనంతట తానే వచ్చి పడింది. మొదటి మొగుడు డస్టీకి ఇప్పుడు తొమ్మిదికి పది నిమిషాలు. వయోమింగ్‌లో గడియారం అయోవా కన్నా గంట వెనక. అతనికి పంపిన నోటీసులో 'ఉదయం పది గంటలకు ఫోన్లో హాజరు కావచ్చును' అనే ఉంది, ఎవరి పదో లేదు, ఈ ఊళ్లో పదంటే ఒకటే పది కనక లాయరమ్మకి రాయాలని తోచలేదు. అతను ఫోన్ చేస్తాడో చెయ్యడో తెలియదు, చేస్తే మాత్రం తన పదికే చేస్తాడు, అది కెండ్రాకి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. అప్పటికి ఇక్కడ పదకొండవుతుంది. అప్పటికి జడ్జి సంతకం పెట్టేసి, కూతురు మేసీకి అతను తండ్రి కాకుండా పోయి ఉంటాడు.

పక్కన కర్ట్, చర్చికి వేసుకునే నీలం చొక్కాలో, ఎన్నిసార్లు ఉతికినా పోని మొక్కజొన్న దుమ్ము వాసనతో, టోపీ మోకాలి మీద పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు. ధాన్యం గిడ్డంగిలో ఇరవై ఏళ్లుగా లారీలు తూచే మనిషి, తొందరన్నది ఎరగడు, ఈ వేళ మాత్రం గంట ముందే బయల్దేరదీశాడు. కెండ్రాతో పెళ్లయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో మేసీ పళ్లు ఊడినా, జ్వరం వచ్చినా, సైకిలు గొలుసు తెగినా అన్నీ ఈ చేతులే చూశాయి, అయినా కాగితం మీద ఆ పిల్లకి అతనేమీ కాడు. ఏమీ కాడంటే ఏమిటో మొన్న అక్టోబరులో తెలిసింది. బడిలో ఉయ్యాల మీంచి పడి పిల్ల చెయ్యి విరిగింది, కెండ్రా ఇంకో ఊరి బడి వంటింట్లో మూడొందల మందికి వండుతూ ఫోన్ లాకరులో పెట్టింది, కర్ట్ ఆసుపత్రికి ఎత్తుకుపోతే మత్తిచ్చి ఎముక సరిచెయ్యడానికి సంతకం కావాలన్నారు, మీరు ఏమవుతారన్నారు, ఇంట్లో ఉంటానండీ అన్నాడట పాపం, అంతకన్నా ఏం చెప్పాలో తోచక. రెండు గంటలు. కెండ్రా వెళ్లేదాకా ఆ రెండు గంటలూ పిల్ల అతని చొక్కా జేబు పట్టుకుని వదల్లేదు, జేబు కుట్లూడిపోయింది. ఆ రాత్రే అనుకున్నారు, దత్తత రాయించుకుందామని. అయితే చట్టంలో ఒక బిడ్డకి తండ్రి కుర్చీ ఒకటే, మొదటివాణ్ణి లేపితే గాని రెండోవాడు కూర్చోడానికి లేదు, ఆ మొదటివాడు ఎనిమిదొందల మైళ్ల దూరంలో వేరే రాష్ట్రంలో ఉన్నా సరే వెతికి పట్టుకుని, చేతిలో కాగితం పెట్టి, ఇదిగో నీ మాటేమిటని అడిగి తీరాలి.

"అతను చెయ్యడు కదా?" అన్నాడు కర్ట్, గడియారం వైపే చూస్తూ.

"ఏమో," అంది. ఆ ఒక్క ముక్కలో ఎంత దాచుకోవచ్చో కెండ్రాకి అప్పుడే తెలిసింది. పది దాటింది.

జడ్జి రాలేదు. మూడు కౌంటీలకి ఒకే జడ్జి, కారులో తిరుగుతూ ఉంటుంది ఆవిడ, ఇవాళ మంగళవారం కనక వీళ్ల వంతు, నది పక్క దారంతా పొగమంచుట, ఇరవై నిమిషాలు పడుతుందిట. ఆ కబురు చెప్పింది లాయరు ప్రేగరమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో సగం మందికి పెళ్లీ విడాకులూ రెండూ ఆవిడ చేతిమీదే అయ్యాయి. "నువ్వేం కంగారుపడకు పిల్లా," అంటోంది, కెండ్రాకి ముప్పై నాలుగొచ్చినా పిల్లే, "కోర్టుకి ఫోన్ చేసి నంబరు అడిగేవాళ్లు బోలెడుమంది. నంబరు రాసుకుంటే పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత నిజంగా చేసేవాణ్ణి నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను." రెండు వారాల కిందట డస్టీ కోర్టు ఆఫీసుకి ఫోన్ చేసి ఏ నంబరుకి పిలవాలని అడిగాడు. ఆ మాట విన్నప్పటి నుంచి కెండ్రాకి కంటి మీద కునుకు లేదు. ఇరవై నిమిషాలంటే పదీ ఇరవై అయిదు. ఆవిడ పొగమంచులో నిదానంగా నడుపుతూ ఉంటుంది, తొందరగా రా తల్లీ అని ఒక మనసు, మెల్లిగా రా తల్లీ గుంటలో పడతావు అని ఇంకో మనసు. రెండో మనసుకి రోడ్డు భయం కన్నా వేరే సంగతి ఏదో ఉంది, కెండ్రా దాని మొహం చూడదలుచుకోలేదు.

కళ్లు మండుతున్నాయి. తెల్లారి నాలుగున్నరకి లేవడం పదమూడేళ్లుగా అలవాటే, ఈ వేళ సెలవు పెట్టినా అదే వేళకి మెలకువ వచ్చింది, వంటింట్లో ఏం చెయ్యాలో తోచక మేసీ డబ్బాలో వేరుశనగ ముద్ద పూసిన రొట్టెలు పెట్టి, పైన చాకొలెట్ బిళ్ల పెట్టి, మూత వేసి, మళ్లీ తీసి ఇంకో బిళ్ల పెట్టింది. మేసీకి ఇవాళ ఏమిటో తెలుసు. తొమ్మిదేళ్ల పిల్లకి తెలియకుండా ఏం దాస్తారు. పుస్తకాల మీద డస్టీ ఇంటిపేరు హబర్డ్ కొట్టేసి కర్ట్ ఇంటిపేరు ఓస్టర్ అని అప్పుడే రాసేసుకుంది, మేసీ ఓస్టర్, ఓ కింద చిన్న నవ్వు మొహం. సాయంత్రానికి నిజం అవుతుందా అమ్మా అంది పొద్దున, అవుతుందే అంది తను, గడియారం మాట అప్పటికింకా తట్టలేదు గనక ధైర్యంగానే అంది. పిల్లకి డస్టీ మొహం గుర్తు లేదు. చేతులు గుర్తున్నాయంటుంది, అవీ నిజంగా గుర్తో, ఫోటోలో చూసి గుర్తనుకుంటోందో. రెండేళ్ల పిల్ల అప్పటికి. గ్యాసు బావుల్లో మంచి జీతాలంటున్నారు, ఆరునెలలు చేసొస్తా కెన్, అన్నాడు డస్టీ. కెన్ అని పిలిచేవాడు, ఇంకెవరూ అలా పిలవరు. ఆరునెలలు ఏడాదయ్యాయి, ఏడాది విడాకుల కాగితమయింది. కొట్టినవాడు కాదు, తిట్టినవాడూ కాదు, తాగితే పాడేవాడు, పనికిమాలినవాడని నలుగురూ అంటే అవునంటూ తనూ నవ్వేవాడు. అలాంటివాణ్ణి ద్వేషించడం కూడా కష్టమే, ఓపిక కావాలి, కెండ్రాకి ఎప్పుడూ లేనిది అదే.

ఎనిమిదికి చేస్తానే, దాన్ని పడుకోబెట్టకు, అనేవాడు ఆ మొదటి సంవత్సరం. ఎనిమిది అంటే మేసీ నిద్రవేళ. కెండ్రా పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఫోన్ ముందు పెట్టుకుని, ఇదిగో మోగుతుంది అదిగో మోగుతుంది అంటూ, పాట పాడి, తల వాల్చేస్తే మొహాన తడి గుడ్డ పెట్టి, ఎనిమిదింపావు, ఎనిమిదిన్నర, పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకునేది. తొమ్మిదికి మోగేది ఫోన్. ఏదే నా బంగారం అనేవాడు. పడుకుంది, తొమ్మిదయింది డస్టీ. ఎనిమిదేగా, నా గడియారంలో ఎనిమిదే. మాకు ఎనిమిదైతే మీకు ఏడు రా బాబూ, ఎన్నిసార్లు చెప్పను. అవును కదూ, రేపు చూడు. రేపూ అంతే. వందసార్లు చెప్పింది, కుక్క తోక పట్టుకుని సరిచేసినట్టే. చివరికి విసిగి లెక్క మార్చింది, ఎనిమిది అనడం మానేసి నువ్వు ఏడుకి చెయ్యి అంది, అంతే, మర్నాడు ఠంచనుగా మోగింది. అంటే అతనికి పిల్ల అక్కర్లేక కాదు, తను నిలబడ్డ చోటి టైమే ప్రపంచమంతటా ఉంటుందని నమ్మే మనిషి, వాడికి గంట తగ్గించి చెప్పే మనిషొకరు పక్కన ఉండాలి, ఉంటే సరిగ్గానే వస్తాడు. ఆ మనిషి తనే. నాలుగేళ్ల కిందట కర్ట్‌ని చేసుకుంటున్నానని చెప్పింది. మంచిదే కెన్, అన్నాడు, మంచివాడేనా, పిల్లని బాగా చూస్తాడా. చూస్తాడంది. అదే ఆఖరి ఫోను. మళ్లీ ఒక పుట్టినరోజుకి లేదు, ఒక క్రిస్మస్‌కి లేదు. తప్పుకున్నాడో, మర్చిపోయాడో. తను కూడా ఏడుకి చెయ్యి అని చెప్పడం మానేసింది, ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఏ కాగితంలోనూ రాయలేదు.

అయితే మాత్రం! నాలుగేళ్లు. ఇది గంట తేడా కాదు కదా, నాలుగేళ్ల తేడా, దానికి కూడా తనే బాధ్యురాలా? నోటీసు అందిందని సంతకం చేశాడు, నంబరు రాసుకున్నాడు, అక్కడెవర్ని అడిగినా చెప్తారు, పెట్రోలు పోయించుకునే చోట అడిగినా చెప్తారు అయోవాలో టైమెంతని. సొంత కూతురి కోసం ఒక్క గంట లెక్క కట్టుకోలేనివాడికి తను ఎందుకు కట్టిపెట్టాలి, ఎన్నాళ్లు కట్టాలి, తనకీ విసుగుండదా. పదీ ఇరవై అయిదుకి జడ్జి మెట్లెక్కింది, పొడుగాటి చలికోటులో, మొహం నల్లబడి, బూట్లకి బురదతో. ఆవిడ వెనకే ఇద్దరు అన్నదమ్ములు లోపలికి పోయారు, గట్టు కింద నీటి గొట్టం ఎవరిదో తేల్చుకోవడానికి, వాళ్ల గొంతులు తలుపు దాటి వస్తున్నాయి. కొట్టుకోండి నాయనా, పదకొండయ్యే దాకా కొట్టుకోండి, అప్పుడు ఫోన్ దానంతటదే మోగుతుంది, నేను నోరు విప్పక్కర్లేకుండా పోతుంది, అనుకుంది కెండ్రా, అనుకున్నాక ఒళ్లు ఝల్లుమంది, అంటే తను కోరుకుంటున్నది అదన్నమాట, మోగాలనా? కాదు. మోగకూడదనే. తను తేల్చకుండా ఎలాగో ఒకలా తేలిపోవాలని. అన్నదమ్ములు పది నిమిషాల్లో రాజీపడి బయటికొచ్చేశారు, రాజీ పడ్డానికి ఇవాళే దొరికింది వాళ్లకి. పదీ నలభై.

లోపల చల్లగా ఉంది. కెండ్రా కుడిచెయ్యెత్తి నిజమే చెప్తానంది, సాక్షి కుర్చీలో కూర్చుంది. ప్రేగరమ్మ ఒక్కొక్కటే అడిగింది, ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాడు, ఎప్పుడు చూడ్డానికొచ్చాడు, ఒక ఉత్తరమైనా రాశాడా. అన్నీ నిజాలే. నిజాలు ఇంత తేలిగ్గా వస్తాయని అనుకోలేదు. కర్ట్ ముందు వరసలో మెడ నిటారుగా పెట్టుకుని, బడిలో కొత్త పిల్లవాడిలాగా కూర్చున్నాడు. జడ్జి బల్ల మీద నల్ల ఫోన్ ఉంది, దాన్ని చూడకూడదనుకుంటూ చూస్తూనే ఉంది.

"అతను ఫోన్లో రాలేదు," అంది జడ్జి. "అయినా ఆనవాయితీ ప్రకారం పిలవండి."

బంట్రోతు, పెద్ద బొజ్జ ముసలాయన, తలుపు తీసి వరండాలోకి తల పెట్టి పిలిచాడు. డస్టిన్ రే హబర్డ్! ఎనిమిదొందల మైళ్ల అవతల ఉన్నవాణ్ణి ఈ మెట్ల దగ్గర పిలిస్తే పలుకుతాడా, అయినా పిలవాలి, మూడుసార్లు పిలవాలి. డస్టిన్ రే హబర్డ్! పెళ్లినాడు చర్చిలో పాస్టరు ఇలాగే పూర్తి పేరు పెట్టి అంటే పక్కన తను నవ్వాపుకోలేక చచ్చింది, రే అని మధ్యలో ఒకటుందని అప్పుడే తెలిసింది. డస్టిన్ రే హబర్డ్! వరండాలో ఎవరో దగ్గారు. ఆయన తలుపు మూసి తల అడ్డంగా తిప్పాడు. పదీ యాభై రెండు.

"అమ్మా," అంది జడ్జి, కెండ్రా వైపు తిరిగి. కాగితాల మీంచి కళ్లెత్తడం అదే మొదలు. "ఇది అడిగి తీరాలి గనక అడుగుతున్నాను. ఇవాళ ఆయన హాజరవుతాడని మీకేమైనా తెలుసా?"

తెలియదండీ. అంతే కదా, అయిదు అక్షరాలు. అబద్ధం కూడా కాదు, నిజంగా ఎవరికి తెలుసు, చెయ్యకపోవచ్చు కదా. ఆ మాట నాలిక మీదే ఉంది. ఏడేళ్ల తర్వాత మేసీకి పదహారొస్తాయి, ఏ గిన్నెలు కడిగేటప్పుడో వెనక నుంచి వచ్చి అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది, పిల్లలు అలాంటివి గిన్నెలు కడిగేటప్పుడే అడుగుతారు, ఆ రోజు మా నాన్న ఫోన్ చేశాడా అమ్మా అని. చెయ్యలేదే అనాలి తను. చెయ్యలేదే, అని చెయ్యి తుడుచుకోవాలి. అప్పుడు పిల్ల నమ్ముతుంది. అదే భరించలేనిది, నమ్ముతుంది. ఆ నమ్మకం జీవితాంతం మోసుకు తిరుగుతుంది, నేను మా నాన్నకి ఒక్క ఫోనుపాటి కూడా చెయ్యనని. ఎంత అలసటగా ఉన్నా, ఎంత విసుగున్నా, కూతురి నెత్తిన ఆ బరువు పెట్టి తను తేలికపడడమా.

"చేస్తాడండీ," అంది కెండ్రా. "పదకొండుకి చేస్తాడు. అక్కడింకా పది కాలేదు."

ప్రేగరమ్మ కలం ఆగిపోయింది. ఆవిడ నోటీసు నకలు తీసి కళ్లద్దాలు పైకి తోసుకుని చదువుకుంది, మెడ దగ్గర ఎర్రబడింది. జడ్జి గోడ గడియారం చూసి, కోటు సర్దుకుని, "ఎనిమిది నిమిషాలు కూర్చోగలం," అంది. కెండ్రా దిగి వచ్చి కర్ట్ పక్కన కూర్చుంది.

"పొద్దున్నే తెలుసా నీకు?" అన్నాడు గుసగుసగా.

"పది గాక ముందే."

అతను టోపీని రెండు చేతుల్తో పట్టుకుని దాని లోపలికి చూశాడు. "నాకు చెప్పాల్సింది," అన్నాడు. కోపం కాదది, దెబ్బ తగిలిన మాట, అంతకన్నా అన్యాయం. చెప్తే నువ్వు చెప్పెయ్యమనేవాడివి కర్ట్, వెంటనే, ఒక్క క్షణం ఆలోచించకుండా, అందుకే చెప్పలేదు, అనుకుంది కెండ్రా, అనలేకపోయింది. గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. దాటింది. ఒక నిమిషం. చూశావా, చెయ్యలేదు, అనవసరంగా, నవ్వుకుంటారు అందరూ. ఊపిరి వదలబోయింది. ఫోన్ మోగింది.

"హలో? హబర్డ్‌నండీ, డస్టిన్ హబర్డ్." వెనక లారీ ఏదో రొద పెడుతోంది, గొంతు ముందుకన్నా బొంగురుపోయింది. "పదికి చెయ్యమన్నారు కదండీ. టైముకే చేశానా?"

జడ్జి ఒక్క క్షణం కెండ్రా వైపు చూసింది. "టైముకే చేశారు," అంది.

తర్వాత ఆవిడ విడమరిచి చెప్పింది, ఇది ఏమిటో, దీని తర్వాత ఆ బిడ్డకి తను చట్టం దృష్టిలో ఏమీ కాకుండా పోతాడని, ఒప్పుకుంటాడా అని. లారీ రొద ఆగింది. తలుపేసుకున్నట్టున్నాడు. కెండ్రా కర్ట్ చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది ఆ చెయ్యి. ఒప్పుకో డస్టీ. ఒక్కసారి నీ అంతట నువ్వు సరైన పని చెయ్యి.

"లేదండీ," అన్నాడు. "నేనేమంత తండ్రిని కానని నాకు తెలుసండీ. ఇన్నేళ్లూ మొహం చెల్లక ఊరుకున్నాను. కానీ నేను ఏమీ కానని రాసి ఇమ్మంటే మాత్రం ఇవ్వలేనండీ. ఒప్పుకోను."

అయిపోయింది. కాదు, అవలేదు, అదీ బాధ. జడ్జి అతనికి లాయరుని ఏర్పాటు చేస్తామంది, పిల్ల తరఫున ఒకరు వెళ్లి పిల్లతో మాట్లాడతారంది, వాయిదా మే తొమ్మిదో తారీఖు, ఉదయం పది గంటలకి, అంది. సాయంత్రం మూడింటికి బడి వదులుతారు. పుస్తకాల మీద ఓ కింద నవ్వు మొహం గీసుకున్న పిల్ల బస్సు దిగి పరిగెత్తుకొస్తుంది, అయిందా అమ్మా అంటుంది, తను మోకాళ్ల మీద కూర్చుని చెప్పాలి. ఏడుపు రావాలి ఇప్పుడు, ఏడవడానిక్కూడా ఒంట్లో శక్తి లేదు. కర్ట్ లేచి నిలబడ్డాడు, టోపీ పెట్టుకోబోయి ఇది కోర్టని గుర్తొచ్చి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. జడ్జి ఫోన్ పెట్టెయ్యబోతోంది.

"ఒక్క మాటండీ," అంది కెండ్రా. అనుమతి కోసం ఆగలేదు, బల్ల దాకా నడిచి ఫోన్ మీదికి వంగింది. "డస్టీ. పదంటే ఇక్కడి పది. నీకు తొమ్మిది."



"తొమ్మిది," అన్నాడు.

"రాసుకో."

అటు సొరుగులు లాగుతున్న చప్పుడు, కలం ఎక్కడరా అని ఎవర్నో కేకేస్తున్నాడు. జడ్జి, బంట్రోతు, ప్రేగరమ్మ, కర్ట్, అందరూ ఆగారు.